సిగ్నల్ ఉన్న చోటే మా ఊరు

ఈ కాలమ్ మొదలైనప్పటి నుంచి మీరు అడుగుతున్న ప్రశ్నల్లో మొదటిది ‘బాత్రూమ్ ఎలాగండీ?’ రెండోది ‘నెట్ ఎలాగండీ?’ బాత్రూమ్, నీళ్ల ట్యాంకుల భాగోతం పోయిన వారం చెప్పేశాను. ఈ వారం నెట్.

ఆర్వీ జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. నీళ్లయిపోతే దగ్గర్లోని ఊరికెళ్లి పట్టుకొస్తాం. గ్యాస్ అయిపోతే ఆ పూటకి పెరుగన్నం తిని సరిపెట్టుకుంటాం. నెట్ పోతే మాత్రం జీతం పోతుంది. జీతం పోతే డీజిల్ ఉండదు, బండి వాయిదా ఉండదు, ఊరికి పంపే డబ్బులూ ఉండవు. ఇన్‌స్టాలో మీరు చూసే ఆ కొండలు, ఆ సూర్యాస్తమయం, ఆ మడత కుర్చీ, చేతిలో కాఫీ కప్పు... వీటన్నిటికీ వెనకాల ఒక రౌటర్ ఉంటుంది. ఫొటోలో అదొక్కటే కనపడదు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక్క ముక్క. ఆర్వీ అంటే మంచం, వంటగది, బాత్రూమ్ అన్నీ లోపలే ఉన్న బండి. అమెరికాలో నేనూ మా ఆవిడా అందులోనే కాపురం, అందులోంచే ఉద్యోగం. నాది సర్వర్లు చూసుకునే పని, తనది టెస్టింగ్. ఇద్దరి టీముల్లోనూ సగం మంది హైదరాబాద్‌లో ఉంటారు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, దాంతో పని ఉంది.

‘అన్‌లిమిటెడ్’ అంటే ఎంత?

అందరూ మొదట ఫోన్ హాట్‌స్పాట్‌తోనే మొదలుపెడతారు. ‘నాది అన్‌లిమిటెడ్ ప్లానే కదా’ అనే ధీమా. ఇక్కడ చిన్న అక్షరాలు చదవాలి. చాలా ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అనేది ఫోన్‌లో వాడుకునే డేటాకి. హాట్‌స్పాట్‌కి విడిగా ఒక కోటా ఉంటుంది. అది దాటగానే వేగం ఎంబీపీఎస్ నుంచి కేబీపీఎస్‌లోకి జారిపోతుంది. మెయిల్ తెరుచుకుంటుంది గానీ మీటింగ్ నడవదు.

రెండో చిన్న అక్షరం ఇంకా ముఖ్యం. టవర్ మీద రద్దీ పెరిగినప్పుడు ఎవరికి ముందు డేటా ఇవ్వాలో కంపెనీకి ఒక వరస ఉంటుంది. ఖరీదైన ప్లాన్ వాళ్లు ముందు, చవక ప్లాన్లూ కోటా దాటినవాళ్లూ వెనక. ఫోన్‌లో సిగ్నల్ నిండా ఉంటుంది, పేజీ మాత్రం కదలదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు ఉంటుంది వ్యవహారం. కాబట్టి ప్లాన్ కొనేటప్పుడు ‘ఎన్ని జీబీ’ అనే కాదు, ‘రద్దీలో నా వరస ఎక్కడ, హాట్‌స్పాట్‌కి ఎంత’ అని కూడా అడగండి.

గీతల్ని నమ్మొద్దు

ఫోన్ పైన కనపడే ఆ నాలుగు గీతలు చెప్పేది చాలా తక్కువ. ఏ ఫోన్ ఎన్ని గీతలు చూపించాలో ఆ ఫోన్ కంపెనీ ఇష్టం. అసలు అంకె వేరే ఉంది. దాని పేరు ఆర్ఎస్ఆర్‌పీ. మైనస్ 80 దగ్గర ఉంటే మంచి సిగ్నల్. మైనస్ 100 దాటితే జాగ్రత్త పడాలి. మైనస్ 115, 120 దాకా వెళ్లిందంటే ఆ చోట మీటింగ్ పెట్టుకోవద్దు. ఆండ్రాయిడ్‌లో దీన్ని చూపించే ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. బండి ఆపాక నేను చేసే మొదటి పని ఈ అంకె చూడటం. ఒక్కోసారి బండిని ఇరవై అడుగులు ముందుకు జరిపితే చాలు, అంకె మారిపోతుంది.

ఫ్రీక్వెన్సీ సంగతి కూడా కొంచెం తెలిసి ఉంటే మంచిది. 600, 700 మెగాహెర్ట్జ్ తరంగాలు చాలా దూరం వెళ్తాయి, గోడల్ని దాటుకుని లోపలికొస్తాయి, కానీ మోసుకొచ్చే డేటా తక్కువ. 2.5 గిగాహెర్ట్జ్ లాంటివి బోలెడు డేటా తెస్తాయి గానీ ఎక్కువ దూరం రావు. పల్లెల్లో, కొండల్లో మనల్ని ఆదుకునేవి మొదటి రకమే. పైగా చాలా ఆర్వీలకి ఒంటి నిండా అల్యూమినియం రేకు. లోపల ఫోన్ పట్టుకుంటే స్టీలు డబ్బాలో కూర్చుని మాట్లాడినట్టే. అందుకే యాంటెన్నాని బండి పైకప్పు మీదకి ఎక్కించి, అక్కణ్ణుంచి వైరు కిందకి దింపి రౌటర్‌కి కలుపుకుంటారు.

మరి బూస్టర్? అది ఉన్న సిగ్నల్‌ని పెంచుతుంది, లేని సిగ్నల్‌ని పుట్టించదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పటి 4జీ, 5జీ ఒకేసారి రెండు మూడు యాంటెన్నాలతో డేటా లాగుతాయి. మామూలు బూస్టర్లు దాన్ని ఒకే దారిలోకి తెస్తాయి. అందువల్ల గీతలు పెరిగి, వేగం తగ్గే విచిత్రం కూడా జరుగుతుంది. మాట్లాడటానికి బూస్టర్ మంచిదే. డేటా కోసమైతే రౌటర్, దానికి తగిన బయటి యాంటెన్నాయే మేలు.

రాత్రి 9 గంటల గండం

ఇప్పుడు హైదరాబాద్ టీమ్ సంగతికి వద్దాం. చలికాలంలో మేం ఎక్కువగా అరిజోనాలో ఉంటాం. అక్కడ రాత్రి 9 అయితే మన దగ్గర మర్నాడు పొద్దున 9:30. అంటే హైదరాబాద్‌లో వాళ్లు టిఫిన్ చేసి, టీ తాగి, మీటింగ్‌కి కూర్చునే వేళ. సరిగ్గా అదే వేళకి మా చుట్టుపక్కల బండ్లలో అందరూ భోంచేసి సినిమాలు పెట్టుకుంటారు. పొద్దున 10కి 60 ఎంబీపీఎస్ చూపించిన టవర్, రాత్రి 9కి 2 దగ్గర ఆయాసపడుతుంది.

క్వార్ట్‌జైట్ అని కాలిఫోర్నియా సరిహద్దుకి దగ్గర్లో చిన్న ఊరుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉండేది రెండున్నర వేల మంది కూడా కాదు. చలికాలం వచ్చిందంటే చుట్టూ ఉన్న ఎడారిలో బండ్లే బండ్లు. ప్రభుత్వ భూముల్ని చూసే బీఎల్ఎం అనే శాఖ సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు అక్కడ ఎక్కువ కాలం ఉండనిస్తుంది. ఆ శాఖ భూముల్లో మిగతా చోట్ల మామూలుగా 28 రోజుల్లో 14 రోజులే ఉండాలి. ‘నోమాడ్‌ల్యాండ్’ సినిమా చూసినవాళ్లకి ఈ ఎడారి గుర్తుండే ఉంటుంది. చిన్న ఊరికి సరిపడా పెట్టిన టవర్ల మీద జనవరిలో అంతమంది పడితే ఏమవుతుంది? పుష్కరాలప్పుడు రాజమండ్రి ఘాట్ దగ్గర వాట్సాప్‌లో ఫొటో పంపడానికి ప్రయత్నించారా ఎప్పుడైనా? అదే అవుతుంది.

అమెరికాలో పుట్టి పెరిగినవాళ్లు రాసే ఆర్వీ సలహాల్లో ఈ సమస్య పెద్దగా కనపడదు. వాళ్ల ఆఫీసు సాయంత్రం 5కి మూతపడుతుంది. మన ఆఫీసు రాత్రి 9కి రెండోసారి తెరుచుకుంటుంది. అందుకని నేను స్పీడ్ టెస్ట్ పగలు చేసి ఊరుకోను. ఏ వేళకి మీటింగ్ ఉందో ఆ వేళకే చేస్తాను. డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ చూస్తాను. వీడియో మీటింగ్‌కి అటూ ఇటూ నికరంగా 3, 4 ఎంబీపీఎస్ ఉంటే చాలు. వీడియో ఆపి మాటలే అయితే 100 కేబీపీఎస్ లోపే సరిపోతుంది. కాబట్టి కావాల్సింది 200 ఎంబీపీఎస్ కాదు, ఆ గంటసేపు తెగకుండా ఉండే 5 ఎంబీపీఎస్.

ఆర్వీ పార్కుల వైఫై గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బోర్డు మీద ‘హైస్పీడ్ వైఫై’ అని రాసున్న ఒక పార్కులో డబ్బు కట్టి దిగాం. వంద బండ్లకి కలిపి ఒకే లైను. రాత్రి లాగిన్ పేజీ తెరుచుకోవడానికే మూడు నిమిషాలు. మా ఆవిడ ఒక్కటే మాటంది: “ఏవండీ, బోర్డు చదవడం మానేసి అంకె చూడండి.” అప్పట్నుంచి పార్కు వైఫైని మేం లెక్కలోకే తీసుకోం.

ఆకాశం వైపు చూపు

ఇప్పుడు అందరూ అడిగేది స్టార్‌లింక్. ఉపగ్రహ ఇంటర్నెట్ పాతదే. పాత ఉపగ్రహాలు భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మన మాట పైకెళ్లి కిందకి దిగి, జవాబు మళ్లీ పైకెళ్లి మన దాకా రావడానికి కాంతి వేగంతో అయినా దాదాపు అర సెకను. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల దగ్గర్లోనే తిరుగుతాయి. అందుకే ఆలస్యం మామూలుగా 25 నుంచి 60 మిల్లీ సెకన్లు. వీడియో కాల్‌కి ఈ రెండింటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

2022 మేలో ఆర్వీల కోసం విడిగా ప్లాన్ వచ్చాక రోడ్డు మీద బతికేవాళ్ల లెక్కే మారిపోయింది. టవర్ అన్నదే కనపడని ఎడారిలో కూడా ఆఫీసు నడుస్తోంది. 2024లో వచ్చిన చిన్న డిష్ బరువు కిలో పైచిలుకు, లాప్‌టాప్ బ్యాగులో పట్టేస్తుంది.

అయితే దీనికీ ఒక పగవాడున్నాడు: చెట్టు. ఉపగ్రహాలు కదులుతూనే ఉంటాయి. డిష్ ఒక దాన్నుంచి ఇంకోదానికి మారుతూ ఉంటుంది. మధ్యలో కొమ్మ అడ్డొస్తే రెండు మూడు సెకన్లు తెగుతుంది. యూట్యూబ్ ముందే కొంత నింపుకుని ఉంటుంది కాబట్టి అక్కడ మీకు తెలియదు. మీటింగ్‌లో మాత్రం మీరు చెబుతున్న వాక్యంలో క్రియాపదం మాయమవుతుంది. ‘ఈ రాత్రికి సర్వర్ ఆ...’ అన్నాక ఆపమన్నానో ఆపొద్దన్నానో అవతలివాళ్లే తేల్చుకోవాలి.

ఉత్తర కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ అడవులున్నాయి. వాటిలో వంద మీటర్లు దాటిన చెట్లున్నాయి. నడుచుకుంటూ వెళ్తే తల వెనక్కి వాలిపోతుంది, అంత అందం. ఆ అడవి మధ్యలో డిష్ పెడితే అడవి గాచిన వెన్నెలే. అంటే చెట్లున్న చోట ఆకాశం కనపడదు, ఆకాశం బాగా కనపడే చోట జనం. ఆర్వీ బతుకంతా ఈ రెండింటి మధ్య బేరమే. డిష్ పెట్టేముందు దాని యాప్ తెరిచి ఫోన్ కెమెరాని ఆకాశం వైపు తిప్పితే అడ్డం ఎక్కడుందో చూపిస్తుంది. ఈ పని బండికి జాక్‌లు దించకముందే చేయాలి.

ఇంకో వింత చోటు చెబుతాను. వెస్ట్ వర్జీనియా, వర్జీనియా సరిహద్దుల్లో 13,000 చదరపు మైళ్ల ‘నిశ్శబ్ద మండలం’ ఉంది. గ్రీన్ బ్యాంక్‌లో ఉన్న పెద్ద రేడియో టెలిస్కోప్‌కి తరంగాలు అడ్డురాకుండా 1958లో ఏర్పాటు చేశారు. గ్రీన్ బ్యాంక్ చుట్టుపక్కల సెల్ సిగ్నల్ దొరకడమే గగనం. సెలవు పెట్టుకుని వెళ్తే స్వర్గం. సోమవారం ఆన్‌కాల్ ఉన్నవాడు మాత్రం అటు వెళ్లకూడదు.

కరెంటు లెక్క

నెట్ గురించి మాట్లాడేవాళ్లు చాలామంది కరెంటు సంగతి మర్చిపోతారు. పార్కులో ప్లగ్ పెట్టుకుంటే బాధ లేదు. ఎడారిలో మన బ్యాటరీయే మన విద్యుత్ బోర్డు. లెక్క సింపుల్. చిన్న డిష్ దాదాపు 30 వాట్లు తింటుంది. పది గంటలకి 300 వాట్ అవర్లు. రెండు లాప్‌టాప్‌లు కలిపి 80 వాట్లనుకుంటే తొమ్మిది గంటలకి 720. రౌటర్ 10 వాట్లు, పన్నెండు గంటలకి 120. మొత్తం 1,140. 12 వోల్టుల 100 యాంప్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1,280. అంటే ఫ్రిజ్, లైట్లు, నీళ్ల పంపు తీసేస్తే, ఒక బ్యాటరీ ఒక్క రోజు పనికి సరి. మామూలు పెద్ద డిష్ అయితే 75 నుంచి 100 వాట్లు, అప్పుడు ఈ లెక్క సాయంత్రానికే అయిపోతుంది.

కప్పు మీద 400 వాట్ల సోలార్ పలకలున్నాయి కదా అంటారు. చలికాలం ఎండ వాలుగా పడుతుంది, పలకలు చదునుగా ఉంటాయి. రాసున్న వాట్లన్నీ రావు. మబ్బు పట్టిన రోజైతే ఇక చెప్పక్కర్లేదు. డిష్ కొనేముందు బ్యాటరీ కొనండి అని నేనెప్పుడూ చెప్పేది అందుకే.

రెండు దారులు తప్పనిసరి

ఒక్క మోటారు మీదే చేను వదిలేసి రైతు నిద్రపోడు. మనమూ అంతే. మా బండిలో మూడున్నాయి: ఒక కంపెనీ సిమ్ రౌటర్‌లో, ఇంకో కంపెనీ సిమ్ ఫోన్‌లో, పైన డిష్. రెండు సిమ్‌లూ వేర్వేరు నెట్‌వర్క్‌లవి కావాలి. అమెరికాలో చవక ప్లాన్లమ్మే చాలా బ్రాండ్లకి సొంత టవర్లుండవు. అవి పెద్ద కంపెనీల టవర్లనే అద్దెకి వాడుకుంటాయి. పేర్లు రెండైనా టవర్ ఒక్కటే అయితే రెండోది ఉన్నా లేనట్టే.

ఒకటి పోతే ఇంకోదానికి దానంతటదే మారే రౌటర్లు దొరుకుతాయి. కానీ మారిన క్షణంలో కాల్ ఒకసారి తెగి కలుస్తుంది. అది కూడా వద్దనుకుంటే రెండు దారుల్నీ కలిపి ఒకే తాడుగా పేనే బాండింగ్ పద్ధతి ఉంది. స్పీడిఫై లాంటి యాప్‌లు చేసేది అదే. డేటా ఎక్కువ తింటుంది, కాబట్టి నేను ముఖ్యమైన మీటింగ్‌లకే వాడతాను. ఇంటర్వ్యూ ఉన్నవాళ్లకి మాత్రం ఇది తప్పకుండా పెట్టుకోండని చెబుతాను.

ఖర్చు లేని చిట్కాలు కూడా ఉన్నాయి. లాప్‌టాప్‌లో ఆ వైఫైని ‘మీటర్డ్ కనెక్షన్’గా పెట్టండి, విండోస్ అప్‌డేట్లు మీటింగ్ మధ్యలో దిగకుండా ఉంటాయి. ఫోన్ ఫొటోల బ్యాకప్ రాత్రి 11 తర్వాతే. పెద్ద ఫైళ్లుంటే ఊళ్లో పబ్లిక్ లైబ్రరీకి వెళ్లండి. ఇక్కడ చిన్న చిన్న ఊళ్లలో కూడా లైబ్రరీ ఉంటుంది, వైఫై ఉచితం, కుర్చీ ఉచితం, ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. చాలా చోట్ల తలుపులు మూశాక కూడా పార్కింగ్‌లో వైఫై వస్తుంది.

ఇక ప్రయాణం. సోమవారం పనుంటే శనివారం పగటిపూటే చేరతాం. ముందే ఎఫ్‌సీసీ వాళ్ల బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్‌లో ఆ చోటు ఎవరికి కవరేజీ ఉందో చూస్తాం. మ్యాప్‌లో రంగు ఉంది కదా అని నమ్మేయం, అది ఉండొచ్చు అనే చెబుతుంది. ఆదివారం రాత్రి 9కి టెస్ట్ చేస్తాం. బాగుంటే ఉంటాం, లేకపోతే అప్పటికప్పుడు ఊరి దగ్గరికి కదులుతాం. కొండ అందంగా ఉంది కదా, సర్దుకుందాం అనే మాట మా ఇంట్లో నిషిద్ధం.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి

ఈ మధ్య తమ్ముడి వరసయ్యే కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నా, మా కంపెనీ పూర్తిగా రిమోట్ ఇచ్చేసింది. నేనూ ఒక వ్యాన్ చూశాను. ఏ డిష్ కొనమంటావు?”

“డిష్ సంగతి తర్వాత. నీ వీసా ఏంటి?”

“హెచ్-1బీ.”

“అయితే వ్యాన్ బేరం ఆపు, ముందు కంపెనీ లాయర్‌తో మాట్లాడు” అన్నాను.

మాకు గ్రీన్ కార్డు వచ్చాకే బండి కొన్నాం. హెచ్-1బీ కాగితాల్లో మీరు ఎక్కడ కూర్చుని పని చేస్తారో ఆ చోటు రాసి ఉంటుంది. ఆ మెట్రో ప్రాంతం దాటి పని చోటు మారితే, మారకముందే కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి. 2015లో సిమియో సొల్యూషన్స్ కేసులో వచ్చిన నిర్ణయంతో ఇది స్పష్టమైపోయింది. కొద్ది రోజుల పనికి మినహాయింపులున్నాయి గానీ వాటికి షరతులున్నాయి. రెండు వారాలకో రాష్ట్రం తిరిగే జీవితానికి అవి సరిపోవు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లయినా చిరునామా మారితే 10 రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్లకి తెలపాలి. ఏ రాష్ట్రంలో కూర్చుని పనిచేస్తే ఆ రాష్ట్రం పన్ను అడగొచ్చు. అందుకే ఎక్కడున్నామో హెచ్‌ఆర్‌కి చెప్పే తిరుగుతాం. మీటింగ్‌లో వెనకాల బ్యాక్‌గ్రౌండ్ మార్చేస్తే ఎవరికీ తెలియదులే అనుకోవద్దు. ఆఫీస్ వీపీఎన్‌కి తెలుస్తుంది.

కుర్రాడు కాస్త డీలా పడ్డాడు. “మరి నేనెప్పుడన్నా?” అన్నాడు. సెలవుల్లో వారం రోజులు వ్యాన్ అద్దెకి తీసుకుని తిరిగి చూడమన్నాను. ఆ వారం లాప్‌టాప్ ఇంట్లోనే వదిలేయమన్నాను. ఆనందానికి వీసా అడ్డు కాదు, పనికే అడ్డు.

అసలు ఎందుకింత?

‘రెండు సిమ్‌లు, డిష్, బ్యాటరీలు, ఇంత తంటా పడి అడవుల్లో ఉండటం ఎందుకు, అపార్ట్‌మెంట్‌లో ఉండొచ్చుగా?’ అని మా మామయ్య ప్రతి ఉగాదికీ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పని అయిపోయాక తలుపు తీస్తే ఎదురుగా పార్కింగ్ బదులు పాలపుంత ఉంటుంది. మా జవాబు అంతే, అంతకన్నా పెద్ద తత్వం లేదు.

కానీ రెండో సిమ్ ఎప్పుడూ ఆన్‌లో ఎందుకు ఉంచుతామో మీకు చెప్పాలి. అది మీటింగ్‌ల కోసం కాదు. ఒంగోలులో మా అమ్మానాన్నలున్నారు, డెబ్బై దాటారు. వాళ్ల నుంచి ఫోన్ వస్తే మోగాలి. ఐఫోన్ 14 నుంచి సిగ్నల్ లేని చోట కూడా ఉపగ్రహం ద్వారా అత్యవసర సాయం కోరొచ్చు. మనకి ఆపదొస్తే అది మంచిదే. ఊళ్లో వాళ్లకి ఏమైనా అయితే మనకి తెలిసేది మాత్రం వాట్సాప్ మోగితేనే. ఆఫీసుకి ‘నెట్ పోయింది, అరగంటలో వస్తా’ అని మెసేజ్ పెట్టొచ్చు. అమ్మకి అలా పెట్టలేం.

అందుకే మా బండిలో కొత్త చోటు దిగగానే మొదటి టెస్ట్ స్పీడ్‌ది కాదు. మా ఆవిడ ఒంగోలుకి వీడియో కాల్ చేస్తుంది. అత్తయ్యగారి మొహం గళ్లు గళ్లుగా విరిగిపోకుండా, “తిన్నారా?” అన్న మాట పూర్తిగా వినపడితే, అక్కడ జాక్‌లు దించుతాం.

వచ్చే వారం: ఇంత చిన్న బండిలో ఇడ్లీ పిండి పులియబెట్టడం ఎలా, అదీ చలికాలంలో.